డాబా మీద తెల్ల దుప్పట్లు

కైరవాన్ ఊరి చివర, ఇటుక బట్టీలు దాటాక ఒక వీధి ఉంది. ఆ వీధిలో గొర్రెలున్నది ఒక్క బెల్గాసిమ్‌కే. అందుకని అక్కడి ఆడవాళ్ళు మిగిలిన రొట్టె ముక్కల్ని సంచిలో కట్టి గుమ్మం పక్క మేకుకి తగిలించేవాళ్ళు. రొట్టెని చెత్తలో వేయడానికి అక్కడ ఎవరికీ చేతులు రావు. నేల మీద ముక్క పడితే తీసి, ముద్దు పెట్టుకుని, నుదుటికి తాకించి, ఎవరి కాలూ తగలని గట్టు మీద పెడతారు. పొద్దు వాలే వేళ బెల్గాసిమ్ భార్య సాల్హా వీధి పొడుగునా నడిచి ఆ సంచులన్నీ తీసుకునేది. గొర్రెలు ఈనినప్పుడు ఆ గుమ్మాలన్నిటికీ తలా గిన్నెడు పెరుగు పంపేది.

అదంతా వానలున్న రోజుల మాట.

తర్వాత వానలు మొహం చాటేశాయి. గడ్డి పోయింది. కంచెల్లో నాగజెముడుకి తెల్ల పురుగు పట్టింది. ముళ్ళు కాల్చి ఆ ఆకులైనా పెడదామంటే అవీ మాడిపోయాయి. సర్కారు తక్కువ ధరకిచ్చే బార్లీ గోదాములోకి ముందు తలుపున వచ్చేది, వెనక తలుపున పోయేది. మర్నాడు అదే బార్లీ బజారులో పేరు మార్చుకుని, ధర పెంచుకుని కూచునేది. ఆఖరికి ఎంత దాకా వచ్చిందంటే, గొర్రె తినే గింజ కన్నా మనిషి తినే రొట్టె చవకైపోయింది. రొట్టె ధర పెంచితే జనం రోడ్డెక్కుతారని సర్కారుకి భయం. అందుకని పిండి ఖర్చు తనే మోస్తూ ధరని కదలనివ్వలేదు. ధర అక్కడే ఉంది. రొట్టె కనపడడం మానేసింది.

పొద్దున లేస్తే తిజానీ బేకరీ ముందు వరస. ఆడవాళ్ళది ఒక వైపు, మగవాళ్ళది ఒక వైపు. తిజానీ తెల్ల టోపీ పెట్టుకుని గల్లా దగ్గర నిలబడి ఒకటే పాట పాడేవాడు.

"మనిషికి రెండే. తోసుకోవద్దు. ఓడ రాలేదు, పిండి రాలేదు. నన్నేం చేయమంటారు, నా తొడ కోసి కాల్చి పెట్టనా?"

"నీ తొడ ఎవడికి కావాలి తిజానీ, అంత కొవ్వు మాకరగదు" అనేది వరసలోంచి ఖమీసా. ఆమె సాల్హాకి పక్కింటి మనిషి, వీధిలో అందరికన్నా నోరున్న మనిషి. జనం నవ్వేవాళ్ళు. ఆ నవ్వు అయ్యేలోపు రొట్టెలు అయిపోయేవి.

పిండి రాకపోవడం ఏమీ లేదు. వచ్చేది. మూడొంతులు రొట్టెయ్యేది, మిగతాది ఎటో పోయేది. ఆ అయిన రొట్టెలో కూడా సగం తెల్లవారే ముందే వెనక గుమ్మంలోంచి సంచులకెత్తి వెళ్ళిపోయేది, కొంత హోటళ్ళకి, కొంత కోళ్ళఫారాలకి.

ఒకరోజు తెల్లవారుజామున బెల్గాసిమ్ పికప్ బండి ఇంటి వెనక ఆగింది. సంచులు దించుతుంటే సాల్హా లాంతరు పట్టుకుని వచ్చింది. సంచి మూతి విప్పగానే వేడి ఆవిరి మొహానికి కొట్టింది. ఆ వాసనకి ఆమె నోట్లో నీళ్ళూరాయి. ఊరినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"ఏంటివి?"

"కనపడట్లేదా, రొట్టెలు."

"రొట్టెలని తెలుస్తూనే ఉంది. ఎవరికి?"

బెల్గాసిమ్ దొడ్డి వైపు చూశాడు. అక్కడ గొర్రెలు కడుపులతో ఉన్నాయి. డొక్కలు లోపలికి పోయి, పొట్టలు మాత్రం కిందికి వేలాడుతూ గోడకానుకుని నిలబడ్డాయి.

"ఛీ! పొయ్యిలోంచి తీసిన రొట్టె! నీ చేతులెలా వచ్చాయయ్యా?"

"రావాల్సింది తిజానీ చేతులే. అతనికొచ్చాయి. నేను కొనకపోతే ఆ కోళ్ళ హాదీ కొంటాడు. కోడి తింటే పుణ్యం, గొర్రె తింటే పాపమా?"

"మనుషులు తింటే?"

"మనుషులకి పెట్టేవాడు వేరే ఉన్నాడు. అల్లా ఉన్నాడు, సర్కారు ఉంది. ఈ మూగజీవాలకి నేను తప్ప ఎవడున్నాడు? ఇంకో నెలలో ఈనుతాయే. ఇప్పుడు పోయాయంటే తల్లీ పోతుంది, పిల్లా పోతుంది. తర్వాత నువ్వూ నేనూ గాలి తిని బతకాలి."

సాల్హా లాంతరు కింద పెట్టింది. ఆ గొర్రెలే వాళ్ళ ఆస్తి. కూతురు నజ్వా సూసా పట్నంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని చేస్తోంది. ఆ పిల్ల జీతం ఆ పిల్ల గది అద్దెకే చాలదు. గొర్రెలుంటే ఈ ఇల్లుంది, లేకపోతే లేదు. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మెత్తటి రొట్టె గొర్రెకి పెట్టకూడదు. కడుపులో పులిసి, ఉబ్బి, కాళ్ళు చాపి చస్తుంది. బాగా ఎండాలి. దొడ్డి ముందు పరుద్దామంటే దారిన పోయేవాళ్ళు చూస్తారు. డాబా మీదైతే చుట్టూ పిట్టగోడ ఉంది. బెల్గాసిమ్ సంచులు పైకి మోసి నేల మీద కుమ్మరించబోయాడు.

"ఆగు! రొట్టెని నేల మీద పోస్తావా? పక్షులు తొక్కిన చోట?"

"గొర్రెలు తినేదానికి నేలైతేనేం?"

"గొర్రెలకి తెలీకపోతే నాకు తెలుసు."

ఆమె కిందికి వెళ్ళి పెళ్ళినాటి తెల్ల దుప్పట్లు తెచ్చి పరిచింది. ఒక్కో రొట్టెని విరిచి వరసగా పేర్చింది. విరిచినప్పుడల్లా నోట్లో ఏదో గొణుక్కుంది. చేతులకంటిన పిండి వాసన నిమ్మచెక్కతో రుద్దినా పోలేదు. ఆ రోజంతా ఆమె ఏం ముట్టుకున్నా అదే వాసన. మధ్యాహ్నం కూరలో హరీసా కారం రెండింతలు వేసుకుని తిన్నా నోట్లోంచి అది పోలేదు.

రోత ఇంకోటుంది. డాబా నిండా రొట్టెలు పెట్టుకుని, తను ఏడింటికి పోయి తిజానీ వరసలో నిలబడేది. నిలబడకపోతే వీధి అడుగుతుంది. సాల్హా రావట్లేదేం, వీళ్ళింట్లో రొట్టె ఎక్కడిదీ అని. అందుకని నీరసంగా మొహం పెట్టుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ నిలబడేది. తన మొహం తనకి కనపడకపోవడమే మేలనిపించేది.

ఒకరోజు అలాగే నిలబడితే, తన ముందున్న మహ్‌బూబా పెద్దమ్మ దాకా వచ్చి రొట్టెలు అయిపోయాయి. మహ్‌బూబా ముసలామె, ఎదురింట్లో ఉంటుంది, కొడుకు పోతే అతని పిల్లల్ని సాకుతోంది. ఆమెకి ఆ రోజు దొరికింది ఒక్కటే. ఇంటికి నడుస్తూ నడుస్తూ ఆమె ఆగింది. రొట్టెని మధ్యకి విరిచింది.

"ఇంద."

"వద్దు పెద్దమ్మా! మీ ఇంట్లో పిల్లలు..."

"పిల్లలకి మిగతా సగం ఉంది, నూనె వేసి పెడతా. నీ మొగుడు దొడ్డి నుంచి ఆకలి మీద వస్తాడు. తీసుకోవే, చెయ్యి నొప్పెడుతోంది."

సాల్హా తీసుకుంది. కాదనడానికి ఏ కారణం చెప్పినా అబద్ధం బయటపడేలా ఉంది. ఇంటికొచ్చి తలుపేసుకుని, ఆ సగం రొట్టె చేతిలో పెట్టుకుని చాలాసేపు కూచుంది. గొర్రెలకి వేయలేదు. మొగుడికి పెట్టలేదు. తనే తినేసింది, నీళ్ళు తాగుతూ, మింగుడుపడకపోయినా.

ఆ వారంలోనే జరిగింది. ఎండ బాగా కాసింది, గాలీ వీచింది. పిట్టగోడ మీద రాయి పెట్టి నొక్కిన దుప్పటి అంచు జారి బయటికి వేలాడింది. ఎదురు డాబా మీద బట్టలారేస్తున్న మహ్‌బూబా ఆ తెల్ల దుప్పటి చూసింది. వేసవిలో డాబా మీద తెల్ల దుప్పటి పరిచారంటే ఆ ఊళ్ళో ఒకటే అర్థం. ఆ ఇంట్లో గోధుమ రవ్వ తడిపి, జల్లించి, కుస్కుసు చేసి ఎండబెడుతున్నారు. ఇంత పెద్ద దుప్పటంటే ఏడాదికి సరిపడా కాదు, పెళ్ళికి సరిపడా.

"ఖమీసా! ఓ ఖమీసా! నజ్వాకి సంబంధం కుదిరినట్టుందే!"

"ఎవరు చెప్పారు పెద్దమ్మా?"

"వాళ్ళ డాబా చెప్పింది! కుస్కుసు ఆరేసింది, చూడు!"

"ఎంత గుట్టుమనిషి! వరసలో పొద్దున నా పక్కనే నిలబడిందిగా, ఒక్క ముక్క చెప్పిందా? ఒంటిచేత్తో అంత పిండి ఎలా చేసిందో. పదండి, చేతులు పడిపోయుంటాయి."

కుస్కుసు చేసే ఇంటికి పిలుపు అక్కర్లేదు. ఎవరి జల్లెడ వాళ్ళు పట్టుకుని పోవడమే. వీధిలో ఆడవాళ్ళంతా జల్లెడలు చంకన పెట్టుకుని, నాలుకలాడిస్తూ పెళ్ళి కూతలు పెట్టుకుంటూ సాల్హా గుమ్మంలోకి వచ్చేశారు. మహ్‌బూబా చేతిలో ఒక చిన్న పొట్లం ఉంది. పెళ్ళింటికి వట్టి చేతులతో పోకూడదని పంచదార.

సాల్హా వెనక దొడ్డిలో ఉంది. కూతలు విని పరుగెత్తుకొచ్చేసరికి వాళ్ళు మెట్ల దగ్గరున్నారు. ఆమె రెండు చేతులూ చాపి మెట్లకడ్డం నిలబడింది.

"వద్దు! పైకి వద్దు! అయిపోయింది, అంతా అయిపోయింది."

"అయిపోతే చూసి పోతాం. పిల్లాడెవరే?" అంది ఖమీసా.

"పిల్లాడూ లేడు, ఏమీ లేదు. ఖమీసా, నీ కాళ్ళు పట్టుకుంటా..."

"చూశారా, దిష్టి తగులుతుందని దాస్తోంది! మా కళ్ళేమన్నా నిప్పులా? అవతలికి జరుగు వదినా."

నవ్వుతూ ఆమెని పక్కకి నెట్టి ఎక్కేశారు. సాల్హా మెట్టు మీద అలాగే కూలబడింది. పైన కూతలు ఒక్కసారిగా ఆగిపోయాయి. తిట్లు వినపడితే బాగుండుననిపించింది ఆమెకి. లేచి పైకి వెళ్ళింది.

ఆడవాళ్ళు డాబా అంచున గోడకానుకుని నిలబడి ఉన్నారు, జల్లెడలు పట్టుకునే. ముందు ఆ చివర నుంచి ఈ చివర దాకా రొట్టెలు. కొన్ని ఎండి గట్టిపడ్డాయి. కొన్ని ఆ పొద్దున వచ్చినవి, ఇంకా మెత్తగా, ఎర్రగా కాలిన అంచులతో ఉన్నాయి. గాలికి ఒక ముక్క దుప్పటి మీంచి దొర్లి నేల మీద పడింది. మహ్‌బూబా వంగి దాన్ని తీసింది. ముద్దు పెట్టుకుంది. నుదుటికి తాకించింది. తిరిగి దుప్పటి మీద, వరసలో దాని చోట పెట్టేసింది.

"గొర్రెలకా?" అంది.

సాల్హా తలూపింది.

"ఆ రోజు నేను సగం విరిచిచ్చాను కదా. అది నువ్వు తిన్నావా, గొర్రె తిందా?"

"నేనే తిన్నాను పెద్దమ్మా."

"గొర్రె తిన్నా బాగుండేది. దానికి తెలీదు కదా అనుకునేదాన్ని."

"తీసుకుపోండి. అందరూ తీసుకోండి. ఇవిగో, ఇవి మెత్తగా ఉన్నాయి, పొద్దున వచ్చినవి..." సాల్హా వంగి చేతికందిన వాటిని ఏరి ఖమీసా జల్లెడలో పెట్టబోయింది. ఖమీసా జల్లెడ వెనక్కి లాక్కుంది. నేల మీద ఉమ్మబోయి, రొట్టెలున్న చోటని గుర్తొచ్చి, ఆ ఉమ్ము మింగేసింది.

అందరూ దిగిపోయారు. పంచదార పొట్లం మాత్రం పిట్టగోడ మీద ఉండిపోయింది. మహ్‌బూబా మర్చిపోయిందో, పెళ్ళింటికని తెచ్చింది వెనక్కి పట్టుకుపోకూడదని వదిలేసిందో.

బెల్గాసిమ్ మధ్యాహ్నం వచ్చేసరికి సాల్హా రొట్టెలన్నీ సంచులకెత్తుతోంది.

"ఏం చేస్తున్నావ్?"

"తిజానీకి తిరిగిచ్చేద్దాం. ముందు గుమ్మంలో, వరస ముందు. వెనక గుమ్మంలోంచి ఎక్కడికి పోతున్నాయో జనం చూడాలి."

"నీకు మతి పోయిందా? గొర్రెలు?"

"ఆ గొర్రెల పాలు పెరుగు చేసి ఏ గుమ్మానికి పంపను? ఎవరు ముట్టుకుంటారు? నేను ఈ వీధిలో ఏ మొహం పెట్టుకుని నడవను? బండి తియ్యి. తియ్యకపోతే నెత్తిన పెట్టుకుని నేనే పోతా."

బెల్గాసిమ్ తిట్టాడు. తిజానీని తిట్టాడు, బార్లీ గోదాము వాణ్ని తిట్టాడు, వానని తిట్టాడు, ఆఖరికి ఎదురింటి డాబాని కూడా తిట్టాడు. తిట్టి తిట్టి, తనే సంచులు మోసి బండెక్కించాడు.

బేకరీ దగ్గర సాయంత్రపు వరస మొదలైంది. తిజానీ "ఇంకా రాలేదు, ఇంకా కాలలేదు" అంటున్నాడు. సాల్హా బండి దిగి మొదటి సంచిని ఈడ్చుకెళ్ళి గల్లా ముందు పడేసింది. మూతి విప్పింది. రొట్టెలు కనపడ్డాయి. వరస మొత్తం ఒక్క అడుగు ముందుకి కదిలింది.

తిజానీ మొహంలో రక్తం పోయింది. పోయింది, అంతలోనే తిరిగొచ్చింది.

"వచ్చేశాయా! రండి రండి, ఇటు పెట్టండి. రెండో పొయ్యి దగ్గర్నుంచి పంపమన్నా, ఇంత సేపా? చూశారా అమ్మా, నేను చెప్పలా, మీకోసం ఎలాగో తెప్పిస్తానని! తోసుకోవద్దు, మనిషికి రెండు!"

"అబద్ధం!" సాల్హా అరిచింది. "ఇవి పొద్దున వెనక గుమ్మంలోంచి మాకమ్మిన రొట్టెలు. మా గొర్రెలకి! మా డాబా మీద ఎండాయి. మీ పిండి, మీ రొట్టె, మిమ్మల్ని వరసలో నిలబెట్టి గొర్రెలకమ్ముతున్నాడు!"

మగవాళ్ళ వరసలోంచి ఒకతను చెయ్యి ఊపాడు.

"అమ్మా, తర్వాత అరుద్దువు గాని. గల్లాకడ్డం నిలబడ్డావు, కాస్త జరుగు."

"నీకు వినపడలేదా? గొర్రెలకి..."

"వినపడింది తల్లీ. ఇంట్లో ఐదుగురు తినాలి. గొర్రె ముట్టుకోలేదుగా ఇంకా? జరుగు మరి."

తిజానీ అప్పటికే ఇస్తున్నాడు. ఒక చేత్తో చిల్లర తీసుకుంటున్నాడు, ఇంకో చేత్తో రొట్టెలందిస్తున్నాడు. ఒకసారి అమ్మిన రొట్టె రెండోసారి అమ్ముడుపోతోంది. గట్టిపడ్డవి అడుగున దోపి, మెత్తవి పైన పెట్టి ఇస్తున్నాడు. ఒకామె రొట్టెని చెంపకానించుకుని, "ఇంకా వెచ్చగానే ఉందే" అంది సంతోషంగా. డాబా మీద ఎండ వేడి అది. సాల్హా గోడ పక్కకి జరిగింది.

వరసలో మహ్‌బూబా వంతు వచ్చింది. ఆమె సాల్హాని చూసింది, సంచిని చూసింది, గుర్తుపట్టింది. ఒక్క నిమిషం చెయ్యి చాపలేదు.

"తీసుకుంటావా, పక్కవాళ్ళకివ్వనా?" అన్నాడు తిజానీ.

ముసలామె చెయ్యి చాపింది. రెండు రొట్టెలు కొంగులో చుట్టుకుంది. తల వంచుకుని, ఎవర్నీ చూడకుండా నడిచి వెళ్ళిపోయింది. సాల్హా ఆ వీపునే చూస్తూ నిలబడింది. తను డాబా మీద తీసుకోమన్నప్పుడు తీసుకోని రొట్టె.

సంచులు ఖాళీ అయ్యాక తిజానీ బెల్గాసిమ్ దగ్గరకొచ్చి చెవిలో అన్నాడు.

"నీ పెళ్ళాం నోరు మంచిది కాదు బావా. సరేలే, ఆడవాళ్ళు. రేపు తెల్లారి మామూలుగా వచ్చెయ్. నీ సంచులు నీకుంటాయి. వద్దంటే ఇప్పుడే చెప్పు, హాదీ రోజూ అడుగుతున్నాడు."

బెల్గాసిమ్ సాల్హా వైపు చూశాడు. ఆమె అటు తిరిగి ఖాళీ సంచుల్ని మడుస్తోంది.

"హాదీకే ఇచ్చుకో" అన్నాడు.

తర్వాత వారానికి గొర్రెల వ్యాపారి లారీ వేసుకొచ్చాడు. ప్రతి గొర్రె డొక్కలో వేళ్ళు గుచ్చి, పెదవి విరిచి, "ఇవి ఈనేదాకా బతుకుతాయని రాసిస్తావా?" అన్నాడు. అతను చెప్పిన ధర విని బెల్గాసిమ్ బేరమాడలేదు. గొర్రెలు లారీ చెక్క మీద ఎక్కలేక జారిపడుతుంటే వ్యాపారి మనిషి తోకలు పట్టి పైకి లాగాడు. వీధిలో తలుపులన్నీ మూసున్నాయి. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

లారీ పోయాక సాల్హా డాబా మీదికి వెళ్ళింది. దుప్పట్లు ఉతకాలి. వాటి నిండా రొట్టె పొడి, పెచ్చులు. వీధిలోకి దులపడానికి చెయ్యి రాలేదు. మోకాళ్ళ మీద కూచుని, పొడి అంతా అరచేత్తో ఊడ్చి, చిన్న ముక్కలన్నీ ఏరి ఒక సంచిలో పోసింది. ముద్దు పెట్టుకుంది. ఆ వీధి ఆడవాళ్ళందరిలాగే మూతి కట్టి, కిందికి దిగి గుమ్మం పక్క మేకుకి తగిలించింది.

తగిలించాక గుర్తొచ్చింది, ఆ వీధిలో సంచులు తీసుకెళ్ళేది తనేనని.

ఆ సంచి అలాగే వేలాడింది. పురుగు పట్టింది, ముక్కిపోయిన వాసన కొట్టింది. బెల్గాసిమ్ రెండు మూడుసార్లు దాన్ని చూసి, "తీసి పారెయ్యవే" అన్నాడు.

"నువ్వు పారెయ్" అంది సాల్హా.

అతనూ పారెయ్యలేదు.